కృతజ్ఞతలు: ముఖ్యంగా గొలుసు పట్టిన పెద్దాయనకు

మిత్రులందరికీ నమస్కారం.

నిన్న సాయంత్రం మా అబ్బాయి స్కూల్లో పిల్లలు తమలో తాము ఆడుకునే ఇంట్రామ్యూరల్ ఫ్లాగ్ ఫుట్‌బాల్ చివరి ఆట ముగిసింది. మోకాలికి బ్రేస్ బిగించుకుని, మెడలో ఈల వేసుకుని, వాడు రెఫరీగా మైదానం మధ్యలో నిలుచున్నాడు. వాడి మోకాలు దెబ్బతిన్న అక్టోబరు మొదటి శుక్రవారం రాత్రి నుంచి ఈ నాలుగు నెలల్లో మాకు ఎవరెవరు ఏ విధంగా సాయపడ్డారో రాయాలని ప్రతి రాత్రీ కూర్చోవడం, రెండు వాక్యాలు రాసేలోగా కళ్ళు మూతలు పడటం జరుగుతూ వచ్చింది. ఇవాళ ఎందుకో నిద్ర పట్టడం లేదు కాబట్టి రాస్తున్నాను. వరుస తప్పితే మన్నించండి.

ఊళ్ళో ఉన్న బంధువులూ చదువుతారు కాబట్టి ముందుగా ఒక మాట. టెక్సస్‌లో ఫుట్‌బాల్ అంటే మనం అనుకునే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేతులతో పట్టుకుని, తలకు హెల్మెట్ పెట్టుకుని ఒకరి మీద ఒకరు పడే ఆట. అందులో కాలితో పని ఉన్నవాళ్ళు జట్టుకు ఒకరిద్దరే. చిన్నప్పటి నుంచి సాకర్ ఆడిన మా వాడి కాలి ఒడుపు చూసి తొమ్మిదో తరగతిలోనే కోచ్ వాణ్ణి కిక్కర్‌గా తీసుకున్నారు. ఆగస్టులో నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో సాధన మొదలవుతుంది. ఆ నెలాఖరు నుంచి నవంబరు మొదటి వారం దాకా వారానికొక ఆట, జిల్లాలో మొదటి నాలుగు స్థానాల్లో నిలిచిన జట్లకు ప్లేఆఫ్స్, అన్నీ గెలిచినవాళ్ళకు డిసెంబరులో ఆర్లింగ్టన్ స్టేడియంలో రాష్ట్ర ఫైనల్. (ఇక్కడ జిల్లా అంటే కలెక్టరు ఉండే జిల్లా కాదు; పోటీల కోసం కొన్ని స్కూళ్ళను కలిపి కట్టిన సమూహం.) శుక్రవారం రాత్రి దీపాలు వెలిగాయంటే ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. జట్టుకు డబ్బు కూడబెట్టే తల్లిదండ్రుల బూస్టర్ క్లబ్ దుకాణంలో చిప్స్ మీద మాంసం కూర పోసి అమ్ముతూ, తినని పదార్థాన్ని ఇంత శ్రద్ధగా వడ్డించింది నేనొక్కతినేనేమో అని నవ్వుకున్న శుక్రవారాలు నాకూ ఉన్నాయి.

ఆ రోజు ఆరో ఆట. మాది కాని ఊరు, మా ఇంటికి గంటకు పైగా దూరం. రెండో క్వార్టర్ చివరి నిమిషంలో 38 గజాల ఫీల్డ్ గోల్‌కు (బంతిని రెండు స్తంభాల మధ్య నుంచి తన్నితే మూడు పాయింట్లు) మా వాణ్ణి పిలిచారు. బంతి కాలిని వదిలిన తరువాత అవతలి జట్టు కుర్రవాడు ఒకడు ఆగలేక వచ్చి, వాడు నేల మీద ఆనించిన ఎడమ కాలి మీద పడ్డాడు. స్టాండ్స్‌లో ఉన్న నాకు బంతి ఎటు వెళ్ళిందో తెలియదు. వాడు లేవకపోవడం మాత్రమే తెలుసు. టెక్సస్ స్కూళ్ళు కాలేజీ నిబంధనలతోనే ఆడతాయి. వాటి ప్రకారం కిక్కర్‌ను ప్రమాదకరంగా గుద్దితే ఆ జట్టును పదిహేను గజాలు వెనక్కి నెట్టే శిక్ష, ఊరికే తగిలితే అయిదు. రెఫరీ అయిదు అన్నారు. ఆ అయిదు గజాల గురించి ఇప్పుడు తగవు పెట్టుకోను గానీ, మరిచిపోనూ లేదు.

మావారు అప్పుడు మామగారి సంవత్సరీకానికి ఖమ్మం వెళ్ళి ఉన్నారు. నాతో ఉన్నది తొమ్మిదేళ్ళ మా పాప ఒక్కతే. అంబులెన్సులో ఒక్కరికే చోటు ఉందన్నారు. పాపను వదిలి ఎక్కలేను, కొడుకును ఒంటరిగా పంపలేను. ఫోను ఛార్జింగు అయిపోయింది. ఆసుపత్రి ఏ దిక్కున ఉందో తెలియదు. కారు తాళాలు చేతిలోనే పెట్టుకుని సంచీ అంతా వెతుకుతున్నాను. అప్పుడు మైదానం గీత దగ్గర నుంచి, నారింజ రంగు చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన వచ్చి, "నా ట్రక్కు వెనకాలే రండమ్మా, నెమ్మదిగానే నడుపుతాను" అన్నారు.

ఆయన చైన్ క్రూలో మనిషి. పది గజాల గొలుసును రెండు కర్రల మధ్య పట్టుకుని, జట్టు ఎంత ముందుకు పోయిందో కొలిచేవాళ్ళన్న మాట. ఆ పనికి మనుషులను పెట్టేది ఆతిథ్యమిచ్చే స్కూలు కాబట్టి ఆయన అవతలి ఊరివారు, మా ప్రత్యర్థుల మనిషి. నా కొడుకు మీద పడిన కుర్రవాడి జట్టు గెలవాలని వచ్చినవారు. చేతిలోని కర్రను పక్కవాళ్ళకు అప్పగించి, విరామం ఈల కూడా ఊదకముందే బయలుదేరారు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ కర్ర పట్టుకుంటున్నారనీ, ఆట మధ్యలో వదిలి వెళ్ళడం అదే మొదటిసారి అనీ తరువాత ఆ ఊరి అమ్మాయి ఒకరు చెబితే తెలిసింది. ఆయన మాత్రం చెప్పలేదు. పొలాల మధ్య దీపాలు లేని సన్నటి దారిలో, నాలుగు సిగ్నల్ లైట్లూ మిణుకుమిణుకుమనిపిస్తూ, నేను వెనకబడినప్పుడల్లా ఆగుతూ, పాతిక మైళ్ళు ఆయన నా ముందు ట్రక్కు నడిపారు. ఆసుపత్రి ముంగిట దాకా చేర్చి వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు.

ఎమర్జెన్సీ గది బయట మేము కూర్చున్నచోట మా వాడి బూట్లు, హెల్మెట్, ప్యాడ్లు ఒక ప్లాస్టిక్ సంచీలో పెట్టి ఇచ్చారు. కృత్రిమ పచ్చిక మీద పరిచే నల్లటి రబ్బరు గింజలు, మన ఆవాల కంటే కొంచెం పెద్దవి, ఆ బూట్ల మేకుల సందుల్లోంచి తెల్లటి నేల మీద రాలుతూనే ఉన్నాయి. ఆయన కాఫీ తాగిన కాగితం కప్పును తుడిచి, ఒక్కో బూటు ఒళ్ళో పెట్టుకుని, జేబులోని చిన్న కత్తి మొనతో మేకు మేకుకూ గింజలు తీసి అందులో వేయడం మొదలుపెట్టారు. ఆ తరువాత వంగి, నేల మీద పడినవాటిని అరచేతి అంచుతో కప్పులోకి తోశారు. "రాత్రి ఊడ్చే ఆవిడకు వీటితో చాలా చికాకు" అన్నారు. ఆ మాట దాకా నేను ఏడవలేదు. అంబులెన్సు తలుపు మూసినప్పుడు ఏడవలేదు, ఖమ్మానికి ఫోను చేసినప్పుడూ ఏడవలేదు. ఆ కప్పు చూసి ఏడ్చాను. ఆయన ఏమీ అనకుండా రెండో బూటు అందుకున్నారు.

రాత్రి ఒంటిగంటకు లోపలికి రానిచ్చారు. మందు మత్తులో మా వాడు అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మా, లోపలికి వెళ్ళిందా?" అని. నేను చూడలేదు. తలుపు దగ్గర నిలుచున్న పెద్దాయన, "ఎడమ స్తంభానికి రెండడుగులు లోపలగా వెళ్ళింది బాబూ. కింద నిలుచున్న అంపైర్లు ఇద్దరూ చేతులెత్తారు. గోల్‌కు బదులు వచ్చే అయిదు గజాలు మీ కోచ్ వద్దన్నారు, మూడు పాయింట్లు మీవే" అన్నారు. వాడు కళ్ళు మూసుకున్నాడు. తన పేరు ఎక్కడా రాయవద్దని ఆయన గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు.

మోకాలిలో ఎముకలను కలిపి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగిందని డాక్టరుగారు చేత్తో పట్టి చూసి ఆ రాత్రే చెప్పారు. అయితే డాక్టరు చెయ్యి చెప్పినదాన్ని ఇన్సూరెన్సు నమ్మదు. ఎం.ఆర్.ఐ.కి ముందస్తు అనుమతి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో నేను ఫోను పట్టుకుని విన్న సంగీతం నా జన్మకు చాలు. స్కూలు కొనే ఆటగాళ్ళ ఇన్సూరెన్సు ఒకటి ఉంది గానీ, అది మన పాలసీ చెల్లించగా మిగిలినదానికే వర్తిస్తుందనీ, గడువులోగా స్కూలు సంతకంతో ఫారం పంపితేనే చెల్లుతుందనీ సీజను మొదట్లో ఎవరూ విడమరచి చెప్పలేదు. మత్తుమందు డాక్టరు మా ఇన్సూరెన్సు నెట్‌వర్కులో (కంపెనీ ఒప్పందం చేసుకున్నవాళ్ళ జాబితాలో) లేరని విడిగా బిల్లు వస్తే, 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం ప్రకారం, నెట్‌వర్కులో ఉన్న ఆసుపత్రిలో అలా వేయకూడదని గుడిలో పరిచయమైన ఒక తెలుగు అమ్మాయి చెప్పింది. మెడికల్ బిల్లింగులో పనిచేస్తుందట. తనే కూర్చుని ఉత్తరం రాసి ఇచ్చింది. ఆ బిల్లు పోయింది. అమ్మాయీ, నీకు వేయి నమస్కారాలు. అంబులెన్సు బిల్లు మాత్రం పోలేదు. ఆ చట్టం హెలికాప్టరులో తీసుకువెళ్తే కాపాడుతుంది, రోడ్డు మీద తీసుకువెళ్తే కాపాడదు. టెక్సస్ రాష్ట్రం దీనికి విడిగా ఒక చట్టం చేసింది గానీ, మావారి కంపెనీ తన సొమ్ముతో తానే నడిపే పాలసీకి అది వర్తించదట. చట్టం చేసేవాళ్ళు ఎన్నడైనా ఫుట్‌బాల్ మైదానానికి వచ్చి ఉంటే, పిల్లలు హెలికాప్టరెక్కి ఆసుపత్రికి వెళ్ళరని తెలిసేది.

నవంబరు రెండో వారంలో శస్త్రచికిత్స జరిగింది. ఆ నెలాఖరున జిల్లా కోచ్‌లు కూర్చుని, జిల్లాలోని మేటి ఆటగాళ్ళ పేర్లతో ఆల్ డిస్ట్రిక్ట్ జట్లను ఎన్నుకున్నారు. ఆడిన ఆరు ఆటల్లో మా వాడు పది ప్రయత్నాలకు తొమ్మిది ఫీల్డ్ గోల్స్ వేశాడు. అయినా సగం సీజనే ఆడాడని మొదటి జట్టులోనూ రెండో జట్టులోనూ చోటు రాలేదు, ఆనరబుల్ మెన్షన్ (పేరు ప్రస్తావన మాత్రం) దక్కింది. పూర్తిగా ఆడినవాళ్ళకే పీట వేయడంలో న్యాయం లేదనను. కానీ ఒక్కో జట్టులో కిక్కర్‌కు ఉన్నది ఒక్క చోటు, ఓట్లు వేసేది కోచ్‌లు, ఎవరికి ఎన్ని వచ్చాయో బయటకు చెప్పరు. పదిహేడేళ్ళ కుర్రవాడు ఆ రోజంతా గది తలుపు వేసుకుని కూర్చుంటే తల్లికి ఎలా ఉంటుందో తల్లులకు తెలుసు. ఆ సాయంత్రమే పెద్దాయన ఫోను చేశారు. ఆపరేషన్ అయిన నాటి నుంచి పదిహేను రోజులకొకసారి చేసి, "ఎన్ని డిగ్రీలు వంగుతోంది?" అని మాత్రమే అడిగేవారు. తొంభై అన్నాం, తరువాత నూట పది, సంక్రాంతికి నూట ఇరవై అయిదు. ఆ రోజు మాత్రం అదనంగా ఒక్క మాట అన్నారు: "ఈల ఊదడానికి మోకాలు వంగనక్కర్లేదు కదా."

అలా వాడు ఇంట్రామ్యూరల్‌కు వెళ్ళాడు. స్కూలు జట్టులోకి ఎంపిక కానివాళ్ళు, ఎంపికకు ఎన్నడూ వెళ్ళనివాళ్ళు, బ్యాండు పిల్లలు, ఆడపిల్లలు అందరూ కలిసి ఆడే ఆట అది. నడుముకు వేలాడే జెండాను గుంజితే చాలు, ఎవరూ ఎవరి మీదా పడరు. పరుగెత్తవద్దని డాక్టరు చెప్పారు కాబట్టి ఉన్నచోటనే నిలబడి ఈల ఊదాడు. ఆ ఆటకు గొలుసు అక్కర్లేదు, కోన్లు సరిపోతాయి. అయినా నిన్న పెద్దాయన అంత దూరం నుంచి తన పాత గొలుసును ట్రక్కులో వేసుకుని వచ్చారు. మైదానం మధ్యకు తెచ్చి కొలిచినప్పుడు తేడా రాకుండా ఉండేందుకు, గొలుసు దాటే అయిదు గజాల గీత దగ్గర ఒక చిన్న క్లిప్పు తగిలిస్తారట. దాన్ని ఎలా తగిలించాలో మా పాపకు నేర్పించారు. ఒకసారి కొలిచారు. ఫస్ట్ డౌన్‌కు, అంటే దాటవలసిన పది గజాలకు, నాలుగు వేళ్ళు తక్కువైంది. మా వాడు తన స్నేహితుల జట్టు మీదే చెయ్యి ఊపి, తక్కువైందని చెప్పాడు. పెద్దాయన నా వైపు చూసి తల ఊపారు.

మావారు టికెట్టు మార్చుకుని మూడో రోజుకే వచ్చారు. మా అత్తయ్య, చెల్లెలు, మరిదిగారు వంతులవారీగా వంట చేశారు, డ్రైవింగు చేశారు. ఇంటివాళ్ళకు కృతజ్ఞతలు చెబితే తిడతారు కాబట్టి అంతటితో వదిలేస్తున్నాను.

ఇంతా రాసి జట్టు అథ్లెటిక్ ట్రైనర్‌గారిని మరిచాను. మైదానంలో మోకాలు కదలకుండా మొదట పట్టుకున్నది ఆవిడే, నిజానికి పైన రాయవలసినది. మిగిలిన నాలుగు ఆటల్లో మా వాడి నంబరును మణికట్టు టేపు మీద రాసుకుని ఆడిన స్నాపర్‌కు (కిక్ కోసం బంతిని వెనక్కి అందించేవాడు), హోల్డర్‌కు (దాన్ని నేల మీద నిలబెట్టేవాడు) కూడా. ఫిజియోథెరపీకి వారానికి రెండుసార్లు తీసుకువెళ్ళిన పక్కింటి గుజరాతీ ఆంటీగారికి కూడా. ఆ రాత్రి స్టేడియంలో వదిలేసిన వాడి పుస్తకాల సంచీని మర్నాడు ఇంటికి తెచ్చి ఇచ్చిన బస్సు డ్రైవరుగారు ఎవరో ఇప్పటికీ తెలియదు. మీకు తెలిస్తే చెప్పండి.

చంక కర్రలు ఇచ్చినవారు అడగరని తెలుసు గానీ, శనివారం ఉదయం తెచ్చి ఇస్తాను. ఒకదాని కింది రబ్బరు అరిగిపోతే రెండింటికీ కొత్తవి వేయించాను.