పలకలోకి ఎక్కిన దస్తావేజులు

చి.సౌ. అమ్మడికి నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ అల్లుడుగారు, పిల్లలు, నువ్వు క్షేమమని తలుస్తాను.

ఫోనులో చెబితే సగం విని "సరే నాన్నా, మీటింగుంది" అంటావు. అందుకే కాయితం మీద పెడుతున్నాను. సంక్రాంతికి నువ్వు ఇచ్చి వెళ్లిన పలక (టాబ్లెట్ అనాలిట, మీ అమ్మ మాత్రం పలక అంటుంది, నాకూ అదే అలవాటైంది) మీద దస్తావేజులన్నీ ఎక్కించి దాచమని నువ్వు అప్పజెప్పిన పని ముప్పాతిక వంతు అయింది. పావు వంతు ఎందుకు ఆగిందో చివర్లో చెబుతాను.

నువ్వు ఎందుకు పట్టుబట్టావో నాకు తెలుసు. 2022 జూలైలో గోదారి వచ్చినప్పుడు రాత్రి పదకొండింటికి నేనూ, పక్కింటి కుర్రాడూ ఇనప పెట్టెను ఎదురింటి డాబా మీదకి మోశాం. నువ్వు ఫోనులో "కాయితాలు తర్వాత, ముందు మీరు ఎక్కండి నాన్నా" అని ఒకటే ఏడుపు. ఆ పెట్టెకి నీళ్లు కొత్త కాదమ్మా. 1996 నవంబరు తుఫానుకి పెంకులు లేచిపోయి రాత్రంతా వాన దాని మీదే కురిసింది. నీకప్పుడు మూడేళ్లు. మర్నాడు మీ నానమ్మ దస్తావేజుల్ని దండెం మీద ఒక్కొక్కటే చీరలు ఆరేసినట్టు ఆరేసింది. ఆ మరకలు ఇప్పటికీ ఉన్నాయి. వాటి గురించి ఒక గొడవ కూడా అయింది, వస్తాను.

మొదట నాకు తోచినట్టు ఫోటోలు తీసి నీకు వాట్సాప్‌లో పంపాను, గుర్తుందా? పద్నాలుగు ఫోటోలు, అందులో నాలుగు తలకిందులు. "నాన్నా, ఇవన్నీ ఒకే పీడీఎఫ్ చేసి పంపు" అన్నావు. నలభై ఏళ్లు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందు చెట్టు కింద బల్ల వేసుకుని దస్తావేజులు రాసినవాడికి పుటలు వరసగా కుట్టమని నువ్వు చెప్పాల్సి వచ్చింది. సిగ్గేసింది.

సరే, గూగుల్ డ్రైవ్ తెరిచి మూల ఉన్న కెమెరా బొమ్మ నొక్కాను. పలకని రెండు చేతుల్తో పట్టుకుని మీదకి వంగితే నా తల నీడే దస్తావేజు మీద పడింది. ట్యూబులైటు కింద పెడితే మడత పడిన చోటల్లా నల్లగీత. చివరికి పొద్దున ఎనిమిదింటికి వీధి అరుగు మీద పనికొచ్చింది. ఎండ నేరుగా పడకూడదు, వెలుతురు ఉండాలి. మీ అమ్మ తెల్ల దుప్పటి పరిచింది శుభ్రంగా ఉంటుందని. కాయితమూ తెలుపే, దుప్పటీ తెలుపే, ఇక పలకకి అంచు ఎక్కడో తెలియక సగం దుప్పటిని కూడా దస్తావేజులో కలిపేసుకుంది! హద్దులు తెలియని సర్వేయరులాగా. ముదురు ఆకుపచ్చ రగ్గు వేశాక నాలుగు అంచులూ టక్కున పట్టుకుంది. నువ్వు ఈ సంగతి చెప్పలేదు, నేను కనిపెట్టాను.

పక్కింటి కుర్రాడు సాయానికి వచ్చాడు. మంచివాడే, కానీ తొందర. ముందు వైపు తీసి "ఆయ్, అయిపోయిందండి రైటరు తాతగారూ" అని తర్వాతి పుటకి వెళ్లిపోతున్నాడు. ఆగరా అన్నాను. స్టాంపు కాయితం వెనక్కి తిప్పి చూడు. ఏ రోజున ఎన్ని గంటలకి ఎవరు దాఖలు చేశారు, ఎవరు నిరూపించారు, నంబరెంత, ముద్రెక్కడ, అన్నీ వెనకే ఉంటాయి. వెనక తియ్యని దస్తావేజు పీడీఎఫ్ చూస్తే ఏ బ్యాంకు లాయరైనా తిప్పి పంపుతాడు. అందుకని ఒకటో పుట ముందు, ఒకటో పుట వెనక, రెండు ముందు, రెండు వెనక, ఇలా వరస పెట్టాను. ఖాళీగా ఉన్న వెనకవైపు కూడా తీశాను. ఖాళీ అని తెలియడమూ అవసరమే.

రంగు దగ్గర ఇంకో తంటా. ఆ యాప్ తనంతట తాను నలుపు తెలుపు చేసేసింది. అక్షరాలు బ్రహ్మాండంగా కనిపించాయి. కానీ ఊదారంగు ఆఫీసు ముద్ర మాయం, మీ తాతయ్య వేలిముద్ర గీతలన్నీ కలిసి నల్ల బొట్టయింది. ఫిల్టరు మార్చి రంగులోకి తెచ్చాను. సైజు పెరిగింది, పెరగనీ.

ఇక మరకల గొడవ. మరకలు తుడిచేసే గుర్తు ఒకటి ఉంది అందులో. కుర్రాడు వేలితో రాస్తే తుఫాను మరక పోయి కాయితం కొత్తదానిలా తేలింది. వాడు మురిసిపోయాడు. నాకు గుండె ఆగినంత పనైంది. మరక కింద "అర" అన్న మాట సగం ఉంది, అది కూడా పోయింది. ఎకరం అర కాస్తా ఎకరం అయితే? మేము ఒక్క అక్షరం కొట్టేసినా, రెండు లైన్ల మధ్య ఒక్క మాట ఇరికించినా, ఆ సంగతి చివర రాసి సంతకం పెట్టిస్తాం. ఇక్కడ వేలు రాస్తే చాలు, చెప్పే నాథుడు లేడు. వెనక్కి తీయించి మరకతో సహా ఉంచాను. మీ నానమ్మ ఆరేసిన గుర్తు కూడా అదేగా.

తర్వాత "సేవ్" నొక్కాను. నొక్కి హాయిగా పడుకున్నాను. తెల్లారి వెతికితే లేదు! అరగంట వెతికాను. ఫైల్స్‌లో డౌన్‌లోడ్స్ అంతా గాలించాను. తీరా చూస్తే డ్రైవ్‌లో ఉంది, తారీఖు అంకెలతో ఆ యాప్ పెట్టిన పేరుతో. మీ అమ్మ ఆవకాయ జాడీ చాటున డబ్బు దాచి తర్వాత ఇల్లంతా వెతుకుతుందే, అలా ఉంది నా పని. ఇప్పుడు సేవ్ నొక్కే ముందు రెండే చూస్తున్నాను, పేరేమిటి, ఏ ఫోల్డరు. పేరు ముందు సంవత్సరం అంకెల్లో పెడితే జాబితా తనే వరసలో పడుతుంది. అప్‌లోడ్ చేయాల్సినవాటికి మాత్రం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టాను. తెలుగు పేరు చూస్తే కొన్ని సైట్లు ముఖం తిప్పేసుకుంటున్నాయి.

డ్రైవ్‌లో ఉన్నదాంతో ఒక ప్రమాదం ఉంది. వరదొస్తే ముందు కరెంటు పోతుంది, తర్వాత సిగ్నలు. అప్పుడు డ్రైవ్‌లో పేర్లు కనబడతాయి గాని ఫైలు తెరుచుకోదు. అందుకే ఒక్కో ఫైలు పక్క మూడు చుక్కలు నొక్కి ఆఫ్‌లైన్‌లో ఉండేట్టు పెట్టాను. పలకే నీళ్లలో పడితే? అందుకు ఫోల్డరు నీకూ షేర్ చేశాను. చూసుకున్నావా? చూసుకోలేదని నాకు తెలుసు.

నువ్వు చెప్పిన రెండో పని, మీభూమిలో (ప్రభుత్వం వాళ్ల భూమి రికార్డుల సైటు) మన అడంగలు, అంటే పొలం లెక్క, దాచడం. స్క్రీన్‌షాట్ తీస్తే తెర మీద కనిపించినంతే వస్తోంది, కుడివైపు గడులు పోతున్నాయి. క్రోమ్‌లో మూడు చుక్కలు, షేర్, ప్రింట్ అని కుర్రాడు చెప్పాడు. ఇంట్లో ప్రింటరే లేదు, ప్రింటేమిట్రా అన్నాను. పైన ప్రింటరు పేరు ఉండాల్సిన చోట "సేవ్ యాజ్ పీడీఎఫ్" అని ఉంది. ప్రింటు అంటే ఏ అక్షరం పుటలో ఎక్కడ పడాలో చెప్పడమేనట. ఆ చెప్పినదాన్ని ప్రింటరుకి ఇస్తే కాయితం, ఫైలులో రాస్తే పీడీఎఫ్. ఇది నాకు భలే నచ్చింది. కాయితం సైజు లెటర్ అని ఉంటే ఏ4 చేశాను, నిలువుగా ఉన్నదాన్ని అడ్డంగా తిప్పాను, గడులన్నీ సరిపోయాయి. పైగా ఇలా చేసినదాంట్లో అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి. ఎంత పెద్దది చేసినా చెదరవు, సర్వే నంబరు కొట్టి వెతకొచ్చు. స్కాను చేసినది అలా కాదు, అది అక్షరాల బొమ్మ.

ఈ పీడీఎఫ్‌ని అడోబి వాళ్లు 1993లో తెచ్చారట, నువ్వు పుట్టిన ఏడాది. ఎక్కడ తెరిచినా ఒకేలా కనబడాలని. దాని విలువ నాకు తెలుసు. ఒకసారి డీటీపీలో "అను" అనే తెలుగు ఫాంటులో కొట్టించిన ముసాయిదా వర్డ్ ఫైలుగా పంపితే అవతలివాళ్ల కంప్యూటర్లో ఆ ఫాంటు లేక పుట నిండా పిచ్చి గుర్తులు వచ్చాయి. పీడీఎఫ్ అయితే ఫాంటుని కూడా కడుపులో పెట్టుకుని వెళుతుంది. కానీ అందులోంచి ఒక లైను కాపీ చేసి వేరేచోట పెట్టబోతే మళ్లీ ఆ పిచ్చి గుర్తులే. పైకి తెలుగు, లోపల ఇంగ్లీషు అక్షరాలు.

ఇంతదాకా నాకొక నమ్మకం ఉండేది, పీడీఎఫ్ అంటే రిజిస్టరైన దస్తావేజులాంటిది, ఇక ఎవరూ మార్చలేరని. అది పోయింది. ఒకరికి నా ఆధార్ నకలు పంపాల్సి వచ్చి, పలక మీద పెన్ను బొమ్మ తీసుకుని నంబరు మీద నల్లగా గీత కొట్టాను. గొప్ప పని చేశానని కుర్రాడికి చూపించాను. వాడు ఆ గీతని వేలితో పట్టుకుని డిలీట్ అన్నాడు. కింద నంబరు నవ్వుతోంది! గీత పైన అంటించిన కాయితం ముక్కలాంటిదట, కింది అంకెలు ఎక్కడికీ పోవట. పంపకముందు తెలిసింది కాబట్టి సరిపోయింది. చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ప్రభుత్వం సైటులోనే దొరుకుతుంది, అది దించుకుని పంపాను. నువ్వు కూడా గీతలు కొట్టి పంపుతుంటావేమో, చూసుకో.

ఇంకోటి. డిజిటల్ సంతకం ఉన్న సర్టిఫికెట్‌ని మళ్లీ ప్రింట్ దారిలో పీడీఎఫ్ చెయ్యకు. నేను చేశాను, చూడ్డానికి రెండూ కవల పిల్లలే. కానీ సంతకం ఉండేది ఆ బొమ్మలో కాదు, ఫైలు లోపల. మళ్లీ ప్రింటు చేస్తే బొమ్మ మిగులుతుంది, సంతకం పోతుంది. దించుకున్న ఫైలుని దించుకున్నట్టే దాచాలి. నకలుకి నకలు తీస్తే ఏమవుతుందో ఆఫీసు ముందు బతుకంతా చూశాను, ఇక్కడా అదే.

అందుకని ఇనప పెట్టె అటక మీదే ఉంటుంది. నువ్వు "ఇంకా ఆ తుప్పు పెట్టెందుకు" అనకు.

ఇక ఆగిపోయిన పావు వంతు. అందులో చాలావరకు రసీదులు, శిస్తు కాయితాలు, అవి నాలుగు రోజుల్లో అవుతాయి. అసలు ఆపింది ఒక్క దస్తావేజు. 1978లో మీ తాతయ్య గోదారి లంకలో అరవై సెంట్లు కొన్నప్పటిది. నేను నా చేత్తో రాసిన మొదటి దస్తావేజు. పడమర హద్దు వశిష్ఠ గోదావరి అని రాశాను, "ఠ" ఒత్తు సరిగ్గా పడలేదని మా గురువుగారు మొట్టికాయ వేశారు. ఆ గోదావరే ఏటా కొంచెం కొంచెం కోసుకుని మొత్తం తీసేసుకుంది. ఇప్పుడు ఆ నాలుగు హద్దుల మధ్య నీళ్లే. లేని భూమికి పీడీఎఫ్ ఎందుకని నేను పక్కన పెట్టాను. మీ అమ్మ, "భూమి ఎలాగూ పోయింది, కాయితం కూడా పోనిస్తావా" అంది. నిన్న పొద్దున రగ్గు పరిచి, ముందూ వెనకా ఆరు పుటలూ తీశాను. పేరు దగ్గర చాలాసేపు ఆగిపోయాను. చివరికి "1978-లంక" అని పెట్టాను. ఇది ఎక్కడా అప్‌లోడ్ చెయ్యక్కర్లేదు కాబట్టి తెలుగులోనే.

ఈ ఉత్తరం కూడా నాలుగు పుటలూ తీసి ఒకే పీడీఎఫ్‌గా ఇవాళే పంపుతున్నాను, రంగులో. అసలు కాయితం పోస్టులో వస్తుంది. పిల్లల పరీక్షలు అయ్యాక ఒకసారి రండి, కొత్త మామిడికాయ వచ్చేసరికి ఉండేట్టు.

ఇట్లు
మీ నాన్న

ఈ ఉత్తరములో 2వ పుట 7వ లైనులో ఒక మాట కొట్టివేయడమైనది. 3వ పుట 11వ లైను పైన "చూసుకో" అను మాట చేర్చడమైనది. 4వ పుట అడుగున ఉన్న మరక మీ అమ్మ పెట్టిన కాఫీ గ్లాసుది, తుడవలేదు.