తవాంగ్ గోడకు సిమెంటు పూయకండి

కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. అరుణాచల్ కొండల్లోని తవాంగ్ బౌద్ధ ఆరామం గురించి ఒక తెలుగువాడికి ఏం పట్టిందని మీకు అనిపించవచ్చు. అక్కడి లామాలకు అనిపించదు. బుద్ధుడు కాలచక్రమనే తంత్ర బోధను మొదట చేసింది మా ధాన్యకటకంలోనేనని, అంటే నేటి అమరావతిలోనేనని వారి నమ్మకం. 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చింది ఆ బంధంతోనే. ఆ అమరావతి స్తూపం ఇప్పుడొక దిబ్బ. శిల్పాల్లో చాలా భాగం లండన్, చెన్నై మ్యూజియాల్లో ఉన్నాయి. పోగొట్టుకున్నవాళ్లం చెబుతున్నామని వినండి.

1680-81లో అయిదో దలైలామా కోరిక మీద మెరాక్ లామా లోద్రే గ్యాత్సో తవాంగ్ ఆరామాన్ని కట్టించారు. సుమారు పదివేల అడుగుల ఎత్తున, 282 మీటర్ల ప్రాకారంతో అదొక కోట. లోపల దుఖాంగ్ అనే ప్రార్థనా మందిరం, గ్రంథాలయం, భిక్షువుల ఇళ్లు. చెప్పాలంటే ఒక ఊరే. అక్కడి మోన్పా తెగవాళ్ల పండగలూ పంచాంగమూ దాని చుట్టూనే తిరుగుతాయి.

ఇలాంటి పాత రాతి గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాదు. చలికి ఆ నీరు గడ్డకట్టి ఉబ్బి, రాయినే చీలుస్తుంది. పైగా అది భూకంపాల సీమ. పాత గోడల మీద కాంక్రీటు స్లాబు బరువు మోపడమంటే నాకు భయమే. 1997లో దుఖాంగ్‌ను పునరుద్ధరించినప్పుడు పాత శైలినే పాటించారు కాబట్టి ఇది కాని పనేమీ కాదు.

అసలు చిక్కు టెండర్లో ఉంది. టర్నోవర్, డిపాజిట్, పాత పనుల సర్టిఫికెట్లు అడుగుతారు. రాయిని చేత్తో తడిమి ఎటు పగులుతుందో చెప్పగల ఊరి మేస్త్రీ దగ్గర అవేవీ ఉండవు. తక్కువ రేటు వేసిన కాంట్రాక్టరు వస్తాడు. తాత కట్టిన గోడ దగ్గర మనవడు రోజుకూలీ అవుతాడు.

మా ఊరి గుడిలో ఇదే చూశాను. రాతి నేల మీద గ్రానైట్ పరిచారు, స్తంభాల మీది బొమ్మలకు ఎనామిల్ రంగు పూశారు. మా నాయనమ్మ దీపం పెట్టే గూడు టైల్స్ వెనక్కి పోయింది. ఇదేంటని అడిగితే, "మార్చిలోపు అవగొట్టకపోతే నిధులు వెనక్కి పోతాయండీ" అన్నారు. తవాంగ్‌లో ఆ మార్చి లెక్క ఇంకా అన్యాయం. మంచు కురిసే నెలల్లో అక్కడ తాపీపని సాగదు.

అందుకని తవాంగ్‌లో ఎప్పుడు మరమ్మతు తలపెట్టినా, మోన్పా మేస్త్రీలూ వడ్రంగులూ బృందంగా పని తీసుకునేలా నిబంధన సడలించండి. గడువును మంచు కరిగే కాలాన్ని బట్టి పెట్టండి. ఏది మార్చాలో, ఏది ముట్టుకోకూడదో భిక్షువులూ ఊరిపెద్దలూ తేల్చాకే అంచనాలు వేయించండి. టెండర్ షరతులు ఖాయం చేసేముందు ఆరామం ముంగిట్లో, వాళ్ల భాషలో, ఒకసారి చదివి వినిపించండి.

ఇట్లు,
గుంటూరు జిల్లా నుంచి ఒక పౌరుడు