840 గంటల లెక్క: ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్ల సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్య మిత్రులకు నమస్కారం.

మన ట్రేడ్‌లలో ఏడాదికి 1,200 గంటలు. మొదటి ఏడాది అందులో 840 ప్రాక్టికల్‌కు, 240 థియరీకి, 120 ఎంప్లాయబిలిటీ స్కిల్స్‌కు. 2022లో సిలబస్ మారినప్పటి నుంచి లెక్క ఇదే. దీనికి తోడు 150 గంటల ఓజేటీ (పరిశ్రమలో పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ) గానీ గ్రూప్ ప్రాజెక్టు గానీ ఉంటుంది. కాగితం మీద 840 సరే, ట్రైనీ చేతిలో పనిముట్టు నిజంగా ఆడిన గంటలెన్ని? పోయిన సర్వసభ్య సమావేశంలో సభ్యులు అడిగిన ప్రశ్న ఇది. ఈ ఏడు సంఘం పని చాలావరకు దీని చుట్టూనే తిరిగింది.

ట్రేడ్‌లవారీగా కూర్చుని చూస్తే గంటలు పోతున్నది పెద్ద కారణాలవల్ల కాదని తేలింది. ముడిసరుకు ఆలస్యం, సెట్‌లో ఒక డ్రిల్ బిట్ లేకపోవడం, ఒక ట్యాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు) విరగడం, తడిసిన ఎలక్ట్రోడ్ (వెల్డింగ్ కడ్డీ) ప్యాకెట్టు. ఒక్కోటి చిన్నదే. కానీ అలాంటి ఒక్కటి చాలు, ఇరవైమంది బ్యాచ్ ఆ పూట చేతులు కట్టుకుని నిలబడుతుంది.

ఇండెంట్ పట్టిక

మొదట చేపట్టిన పని ఇండెంట్, అంటే కావాల్సిన సరుకు కోసం రాసి పంపే పత్రం. చాలాచోట్ల పాత సంవత్సరం ఇండెంట్‌నే తేదీ మార్చి పంపే అలవాటు ఉంది. అలా కాకుండా ఒక్కో జాబ్‌కు (ట్రైనీ చేసే అభ్యాస ముక్కకు) ఎంత సరుకు పడుతుందో లెక్కగట్టి, ట్రేడ్‌కు ఒక పట్టిక తయారుచేశాం. ఫిట్టర్ మొదటి ఏడు చేసే 50 × 50 × 10 మిల్లీమీటర్ల చదరపు ముక్కనే తీసుకోండి. హ్యాక్సా కోతకు, ఫైలింగ్‌కు కలిపి ముక్కకు 54 మిల్లీమీటర్లు విడవాలి. ఇరవైమందికి 1,080 మిల్లీమీటర్లు. మొదటి నెలల్లో కొలత తప్పి పాడయ్యేవి ఉంటాయి కనుక ఇంకో ఐదు ముక్కలు కలిపితే 1,350. 50 × 10 ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) ఫ్లాట్ పట్టీ మీటరుకు 3.93 కిలోలు తూగుతుంది. అంటే ఒక బ్యాచ్‌కు ఈ ఒక్క జాబ్‌కు సుమారు 5.3 కిలోలు. ఇలా జాబ్ వెంట జాబ్ కూడితే ఏడాది ఇండెంట్‌కు ఆధారం దొరుకుతుంది. స్టోర్‌లో ప్రశ్నించినా, ఆడిట్‌లో అడిగినా చూపించడానికి కాగితం చేతిలో ఉంటుంది.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. పాడయ్యే ముక్కల లెక్కను ఇండెంట్‌లో దాచొద్దు, విడిగా రాయండి. మొదటి ఏడు ట్రైనీ సరుకు పాడుచేయకుండా పని నేర్చుకోలేడు. ఆ ఐదు ముక్కలు దుబారా కిందికి రావు, అవి శిక్షణ ఖర్చు.

ప్రదర్శన తరగతులు

ఈ ఏడు ట్రైనీలకు కాక ఇన్‌స్ట్రక్టర్లకే ప్రదర్శన తరగతులు పెట్టాం. ఒకరు చేసి చూపడం, మిగతావారు చేతులు గమనించడం. ఫిట్టర్ ట్రేడ్‌లో వీటికి ఎక్కువ సమయం ఇచ్చాం. మెకానికల్ ట్రేడ్‌లన్నింటికీ చేతిపని పునాది అక్కడే పడుతుంది.

ఫైలింగ్‌లో ట్రైనీలందరూ చేసే తప్పు ఒకటే: ముక్క మధ్యలో ఉబ్బి, అంచులు వాలిపోతాయి. ట్రై స్క్వేర్ (మూలమట్టం) పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే రెండు అంచుల దగ్గరా సందు కనిపిస్తుంది. "ఆకురాయి సమంగా పట్టుకో" అని వందసార్లు చెప్పినా ఇది పోదు, ఎందుకంటే లోపం పట్టులో లేదు, ఒత్తిడిలో ఉంది. ముక్క మీద ఆకురాయి త్రాసులా ఆడుతుంది. తోపు మొదట్లో కొన దగ్గరి ఎడమచేతి ఒత్తిడి ఎక్కువగా ఉండాలి. మధ్యకు వచ్చేసరికి రెండు చేతులూ సమం. చివరకు పిడి దగ్గరి కుడిచేయి బరువు మోయాలి. రెండు చేతులూ మొదటినుంచి చివరిదాకా ఒకేలా నొక్కితే ఆకురాయి ఊగుతుంది, అంచులు తినేస్తుంది. వెనక్కి లాగేటప్పుడు ఒత్తిడి తీసేయాలి. నిమిషానికి 40 నుంచి 60 తోపులు చాలు, అంతకంటే వేగంగా పోతే పళ్లు కోయవు, జారతాయి.

దీన్ని చూపడానికి తరగతిలో ఒక సులువు పాటించాం. ముక్క పైముఖానికి సుద్ద రాసి పది తోపులు తోయించి, సుద్ద ఎక్కడ పోయిందో ట్రైనీ చేతనే చెప్పించడం. అంచుల్లో మాత్రమే పోతే చేతులు ఊగుతున్నట్టు, ముఖమంతా సమంగా పోతే చేయి కుదిరినట్టు. ఈ పద్ధతి వాడిన చోట ఉబ్బు సమస్య త్వరగా తగ్గిందని సభ్యులు చెబుతున్నారు.

వైస్ ఎత్తు గురించి కూడా. దవడల పైఅంచు ట్రైనీ మోచేతి ఎత్తుకు రావాలి. బెంచీలన్నీ ఒకే ఎత్తువి, పిల్లలు మాత్రం కారు. పొట్టివారికి కాళ్ల కింద చెక్కపీట వేయండి. పీట లేకపోతే భుజాలు ఎగరేసి తోస్తారు, అరగంటకే అలసిపోతారు. పాడైన డ్యూయల్ డెస్కుల చెక్కతో కార్పెంటర్ ట్రేడ్‌వారు పీటలు చేసి ఇచ్చిన చోట ఖర్చు దాదాపు లేదు.

కొత్త ఆకురాయిని నేరుగా నల్ల పెచ్చు ఉన్న ఎం.ఎస్. ఫ్లాట్ మీద పెట్టొద్దు. ఆ పెచ్చు గట్టిది, మొదటి గంటలోనే పళ్లు మొద్దుబారుతాయి. పెచ్చును పాత ఆకురాయి అంచుతో గీకేసి, ఆ తర్వాతే కొత్తది వాడించండి.

ట్యాప్‌లు ఎందుకు విరుగుతున్నాయి

ఇది విడిగా రాయాల్సిన సంగతి. మన వర్క్‌షాప్‌లలో ఎక్కువగా విరిగేది ఎం8 ట్యాప్. కారణం వెతికితే ట్రైనీ చేతి తప్పు కంటే ముందు స్టోర్ దొరికిపోయింది. ఎం8 × 1.25 మర (వ్యాసం 8 మిల్లీమీటర్లు; మరకూ మరకూ మధ్య దూరం, అంటే పిచ్, 1.25) కోయడానికి రంధ్రం 6.8 మిల్లీమీటర్లు ఉండాలి. మనకు వచ్చే డ్రిల్ బిట్ సెట్లు అర మిల్లీమీటరు తేడాలతో ఉంటాయి: 6, 6.5, 7. 6.8 లేదు కనుక దగ్గరలో ఉందని 6.5 వేస్తున్నారు. 6.8 రంధ్రంలో ట్యాప్ మర లోతులో సుమారు 74 శాతం కోస్తుంది. అదే 6.5లో 92 శాతం దాకా కోయాలి. ఆ భారం ట్యాప్ మోయలేదు, విరుగుతుంది. తప్పనిసరైతే 7 వాడటం మేలు. మర 62 శాతమే వస్తుంది, కాస్త వదులుగా ఉంటుంది, కానీ ట్యాప్ బతుకుతుంది. సరైన దారి మాత్రం 6.8 బిట్లు విడిగా ఇండెంట్ చేయడమే. సూత్రం సులువు: మర వ్యాసంలోంచి పిచ్ తీసేయండి. ఎం6కు 5, ఎం8కు 6.8, ఎం10కు 8.5. ఎం8కు తీసివేతలో వచ్చేది 6.75, దానికి దగ్గర్లో దొరికే బిట్ 6.8. ఈ మూడు సైజుల బిట్లు ప్రతి వర్క్‌షాప్‌లో కనీసం అరడజను చొప్పున ఉండేలా ఇండెంట్ పట్టికలో చేర్చాం.

రంధ్రం సరిగా ఉన్నా ట్యాప్ విరిగితే అప్పుడు చేతిని చూడాలి. సెట్‌లోని మొదటి ట్యాప్‌తో రెండు మరలు పట్టగానే ఆగి, ట్రై స్క్వేర్‌తో రెండు దిక్కుల నిలువు చూడాలి. ఒకవైపే చూసి వదిలేస్తే రెండోవైపు వంగి ఉంటుంది. తర్వాత అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనక్కి. వెనక్కి తిప్పేది రజను తెగడానికి. కటింగ్ ఆయిల్ పోయకుండా తిప్పనివ్వద్దు. అడుగు మూసిన రంధ్రమైతే మర లోతుకంటే అయిదారు మిల్లీమీటర్లు ఎక్కువ డ్రిల్ చేయించండి, రజనుకు చోటు కావాలి. ఇక హ్యాండిల్: ఎం6కు పొడుగాటి ట్యాప్ రెంచ్ ఇస్తే ట్రైనీకి తెలియకుండానే బలం ఎక్కువైపోతుంది. చిన్న ట్యాప్‌కు చిన్న రెంచ్ ఇవ్వాలి.

విరిగిన ట్యాప్‌ను డ్రిల్‌తో తొలిచేయబోయి బిట్ కూడా పోగొట్టుకున్నవారున్నారు. ట్యాప్ కూడా బిట్‌లాగే హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్) తోనే చేసింది, బిట్‌కు లొంగదు. కొన పైకి ఉంటే నోస్ ప్లయర్‌తో, లేదంటే గాడుల్లో సన్నని పంచ్ పెట్టి ఎదురుదిక్కున మెల్లగా కొట్టి తీయండి. రాకపోతే ఆ ముక్క వదిలేయడం చౌక.

వెల్డర్, ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లు

వెల్డర్ ఇన్‌స్ట్రక్టర్లతో జరిగిన చర్చ రెండు విషయాల మీద నడిచింది. మొదటిది ఎలక్ట్రోడ్ల నిల్వ. ఇ6013 రకం ఎలక్ట్రోడ్ తేమ పట్టినట్టుంటే వంద డిగ్రీలకు కాస్త పైన ఒక గంట ఆరబెడితే చాలు. ఇ7018 రకం అలా కాదు. 300 నుంచి 350 డిగ్రీల దగ్గర గంటకు పైగా ఓవెన్‌లో ఉంచాలి. లేకుంటే హైడ్రోజన్ వెల్డ్‌లోకి చేరి బీడ్ (వెల్డ్ గీత) కింద పగుళ్లు వస్తాయి. ఓవెన్ లేని చోట ఇ7018 ప్యాకెట్టు తెరిచిన కొద్ది గంటల్లోనే వాడేయాలి. రెండోది గ్యాస్ వెల్డింగ్ భద్రత. ఎసిటిలీన్ సిలిండర్‌ను పడుకోబెట్టి వాడితే లోపలి ఎసిటోన్ గొట్టంలోకి వస్తుంది. రెగ్యులేటర్ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 1 కిలో దాటకూడదు. లీకు ఉన్నచోట రాగి గొట్టంతో అతుకు వేయడం ప్రాణాంతకం, రాగి ఎసిటిలీన్‌తో కలిసి పేలే పదార్థం అవుతుంది. ఆక్సిజన్ రెగ్యులేటర్ మరకు నూనె, గ్రీజు తగలకూడదు. వెల్డింగ్ షాపులో రెండు లైన్లకూ ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు (మంట గొట్టంలోకి వెనక్కి పాకకుండా ఆపేవి) లేకపోతే, వచ్చేదాకా గ్యాస్ ప్రాక్టికల్ నడపవద్దని సంఘం తీర్మానం చేసింది. ఇందులో మినహాయింపు లేదు.

ఎలక్ట్రీషియన్‌లో ఇళ్ల వైరింగ్ బోర్డుకు 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) పరీక్ష సరిగా జరగడం లేదని గుర్తించాం. ఫేజ్‌కు, న్యూట్రల్‌కు మధ్య చూసేటప్పుడు బల్బులు తీసేయాలి, స్విచ్‌లు ఆన్‌లో ఉంచాలి. ఇప్పుడన్నీ ఎల్‌ఈడీ బల్బులే. వాటిని హోల్డర్‌లో ఉంచి మెగ్గర్ తిప్పితే బల్బు లోపలి డ్రైవర్ పాడవుతుంది, రీడింగూ తప్పు వస్తుంది. ఒక మెగోమ్ కంటే తక్కువ చూపగానే వైరు తప్పని కంగారు పడకుండా ముందు హోల్డర్లు చూడమని నేర్పాలి.

ఆయుధపూజ

సభ్యులు చాలామంది అడిగినందున రాస్తున్నాం. దసరాకు లేత్ బెడ్ మీద, వైస్ స్పిండిల్ మీద పసుపునీళ్లు, కుంకుమ పెట్టి అలాగే వదిలేస్తే సెలవులు అయ్యేసరికి తుప్పు గుంటలు పడతాయి. గైడ్‌వేల (బెడ్ మీద క్యారేజ్ జారే పట్టాల) మీద పడిన గుంట మళ్లీ పోదు. పూజ శ్రద్ధగా చేద్దాం. బొట్లు గార్డ్‌లకు, హెడ్‌స్టాక్ కవర్‌కు పెడదాం. బెడ్‌ను శుభ్రంగా తుడిచి, పల్చగా నూనె రాసి సెలవులకు వెళదాం. ఈ ఏడు దసరా ముందు రెండు రోజులను మెషీన్ల నిర్వహణకు కేటాయించిన చోట్ల ట్రైనీలకు అది మంచి పాఠమైంది.

సీఐటీఎస్, కొత్త కోర్సులు

ఒక యూనిట్‌కు ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లున్న చోట ఒకరికి డిగ్రీ లేదా డిప్లొమా, ఇంకొకరికి ఎన్‌టీసీ (ఐటీఐ ట్రేడ్ సర్టిఫికెట్) లేదా ఎన్‌ఏసీ (అప్రెంటిస్ సర్టిఫికెట్) ఉండాలి. ఇద్దరికీ క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ కావాలి. కాంట్రాక్టులో, గెస్ట్‌గా పనిచేస్తున్న మిత్రుల్లో ఈ సర్టిఫికెట్ లేనివారు హైదరాబాద్‌లోని విద్యానగర్, రామంతపూర్ ఎన్‌ఎస్‌టీఐలలో (జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థల్లో) ఉండే ఏడాది సీఐటీఎస్ (ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ) కోర్సుకు ప్రయత్నించాలని కోరుతున్నాం. ఏడాదిపాటు జీతం వదులుకోవడం తేలిక కాదని తెలుసు. అందుకే ఆ కాలానికి ఉద్యోగ రక్షణ కావాలన్న వినతిని ఈ ఏడూ అధికారులకు ఇచ్చాం. జవాబు కోసం వెంటపడుతున్నాం.

తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. రోబోటిక్స్, సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే మెషీన్లు), ఎలక్ట్రిక్ వాహనాల వంటి కోర్సులు వస్తున్నాయి. దీన్ని సంఘం మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తోంది. అయితే మైక్రోమీటరులో 0.01 చదవలేని ట్రైనీకి సీఎన్‌సీలో టూల్ ఆఫ్‌సెట్ (పనిముట్టు కొలత సవరణ) అర్థం కాదు. చేతిపని గంటలు కోసి కొత్త మెషీన్ల గంటలు పెంచే ప్రతిపాదన ఎక్కడ వచ్చినా సంఘం తన అభిప్రాయాన్ని రాతపూర్వకంగా ఇస్తుంది.

మార్కుల విషయం

ప్రాక్టికల్‌లో పాస్‌కు 60 శాతం, థియరీలో 33. జాబ్‌కు ఇచ్చే మార్కుల్లో 60–75, 75–90, 90 పైన అనే మెట్లున్నాయి. కొందరు సభ్యులు అందరికీ 75 వేస్తున్నారు. కొలత తప్పినచోట తప్పిన మిల్లీమీటర్లు రాసి, ఆ ముక్కనే ట్రైనీ పేరుతో పరీక్షలయ్యేదాకా భద్రపరచండి. ట్రైనీ అడిగితే చూపించగలగాలి. ఊరికే వేసిన మార్కు బయట నిలవదు: అప్రెంటిస్‌గా వెళ్లిన మొదటి వారమే ఫ్యాక్టరీ వాళ్లు వెర్నియర్ (కొలత పనిముట్టు) చేతికిస్తారు.

వచ్చే ఏడు

టర్నర్, మెషినిస్ట్, డీజిల్ మెకానిక్ ట్రేడ్‌లకు ఇండెంట్ పట్టికలు ఇంకా పూర్తి కాలేదు. ఆ ట్రేడ్‌ల సభ్యులు జాబ్‌వారీగా సరుకు, పనిముట్లు, పాడయ్యే శాతం రాసి కార్యదర్శికి పంపండి. ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ పట్టికల ప్రతులు సమావేశం రోజున ఇస్తాం. ఆదాయ వ్యయాల లెక్కలు కోశాధికారి విడిగా చదువుతారు. కొత్త సెషన్ ఇండెంట్లు పంపే గడువుకు నెల ముందే పట్టికలన్నీ సిద్ధం కావాలి. ఈసారి 6.8 బిట్లు మరచిపోవద్దు.