పాత టేపులన్నీ పైరసీ కాదు

సంపాదకులకు,

అభిమానులు పాత అనిమే (జపాన్ యానిమేషన్) టీవీ రికార్డింగులను డిజిటల్ ఆర్కైవుల్లో దాచడాన్ని పైరసీ అని ఒక్క మాటలో కొట్టిపారేస్తుంటే బాధేస్తోంది. నేను వీడియో ఎడిటర్‌ని, టేపుల సంగతి నాకు తెలుసు.

ఆస్ట్రో బాయ్ అనే అనిమే సీరియల్ 1963 జనవరి 1న జపాన్‌లోని ఫుజి టీవీలో మొదలైంది. ఆ రోజుల్లో వీడియో టేపు చాలా ఖరీదు. టీవీ స్టేషన్లు పాతది చెరిపి దానిమీదే మళ్లీ రికార్డు చేసేవి. 1973లో నిప్పన్ టీవీలో వచ్చిన మొదటి డోరేమాన్ సీరియల్ ఇప్పటికీ అధికారికంగా వీడియోగా విడుదల కాలేదు. తీసిన కంపెనీయే మూతపడింది.

డీవీడీలో కథ ఉంటుంది, ప్రసారం ఉండదు. ఇంట్లో రికార్డు చేసిన టేపులో స్పాన్సర్ల పేర్లుంటాయి, మధ్యలో బొమ్మల ప్రకటనలుంటాయి. ఒక్కోసారి తెర మీదుగానే భూకంప వార్త అక్షరాలు వెళ్తాయి. ఆ సాయంత్రం జపాన్ పిల్లలు చూసింది అచ్చంగా అదే. చరిత్ర రాసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

టైమ్ లేదన్నదే నా టెన్షన్. బూజు పట్టిన టేపును శుభ్రం చేయకుండా పెడితే ప్లేయర్‌లో టేపును చదివే హెడ్ కూడా పాడవుతుంది. ఆ ప్లేయర్లా, కొత్తవి రావు. చివరిదాకా తయారుచేసిన ఫునాయ్ కంపెనీ 2016 జులైలో ఆపేసింది.

మార్కెట్లో దొరికే సీరియల్‌ని మొత్తంగా ఉచితంగా పంచడం తప్పే, దాన్ని నేను సమర్థించను. కానీ జపాన్ ప్రభుత్వ రంగ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే తన పాత కార్యక్రమాల కోసం ప్రేక్షకుల టేపులనే అడిగి తీసుకుంటోంది. మిగతా హక్కుదారులు కూడా తీసేయమని నోటీసులు పంపేముందు ఆ కాపీ తమ దగ్గర ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే అడిగి తీసుకోవాలి.

ఇట్లు,
ఒక వీడియో ఎడిటర్