‘బోర్డు’ దగ్గర తడబాటు

సంపాదకులకు నమస్కారం.

వాణిజ్య వార్తల అనువాదాల్లో ‘బోర్డు’ అనే మాట తరచూ దారి తప్పుతోంది. ‘ఆన్ బోర్డ్’ తీసుకున్నారంటే సంస్థలో చేర్చుకున్నారని అర్థం. దాన్ని ‘బోర్డులోకి తీసుకున్నారు’ అని రాస్తే, నిన్న చేరిన మేనేజరు తెల్లారేసరికి డైరెక్టరైపోతాడు! గుర్తు చిన్నదే: ‘ఆన్ ద బోర్డ్’ అని మధ్యలో ‘ద’ ఉంటే పాలకమండలి, లేకపోతే ఓడ (సంస్థలో చేర్చుకోవడమంటే ఓడలోకి ఎక్కించుకున్నట్టే).

ఓడ ఎందుకంటే, పాత ఇంగ్లిష్‌లో ‘బోర్డ్’ అనే మాటలు రెండుండేవి. ఒకటి చెక్క పలక, రెండోది అంచు, ముఖ్యంగా ఓడ పక్క. రెండూ కలగలిసిపోయాయి.

పలక నుంచి భోజనాల బల్ల, బల్ల నుంచి దాని మీద వడ్డించే తిండి, చివరికి ఆ బల్ల చుట్టూ కూర్చుని మంతనాలాడే పెద్దలు వచ్చారు. ‘బోర్డింగ్ అండ్ లాడ్జింగ్’లో మొదటిది తిండి, రెండోది బస. అందుకే బోర్డింగ్ స్కూలుకూ విమానం ఎక్కించే బోర్డింగ్ పాసుకూ చుట్టరికం బహు దూరం. కబ్బర్డు కూడా మొదట్లో తలుపుల అర కాదు, కప్పులు పెట్టుకునే బల్ల. ‘అబౌ బోర్డ్’ పేకాట మాట: చేతులు బల్లపైన కనబడుతుంటే ముక్క మార్చలేదని నమ్మకం.

‘స్టార్‌బోర్డ్’లో నక్షత్రమేమీ లేదు. చుక్కాని తెడ్డు కట్టే వైపు, అంటే ఓడకు కుడి పక్క. ఎడమ పక్కను ‘లార్‌బోర్డ్’ అనేవారు. హోరుగాలిలో కేకేస్తే రెండూ ఒకేలా వినబడతాయి; అటు తిప్పాల్సిన ఓడను ఇటు తిప్పితే అంతే సంగతులు. అందుకే 1844లో బ్రిటిష్ నౌకాదళం ‘లార్‌బోర్డ్’ మాని ‘పోర్ట్’ అనమంది. అమెరికా నౌకాదళం 1846లో అదే బాట పట్టింది.

జీతాల వార్తల్లో కనిపించే ‘అక్రాస్ ద బోర్డ్’కు మాత్రం పైన చెప్పిన ‘ద’ సూత్రం పనికిరాదు. అది గుర్రప్పందేల నుంచి వచ్చింది. ఒకే గుర్రంపై మొదటి, రెండు, మూడు స్థానాలకు సమానంగా పందెం కాయడం. దాన్ని ‘అందరికీ ఒకేలా’ అంటే సరిపోతుంది, ‘బోర్డు అంతటా’ అననక్కర్లేదు.

ఇక ‘బోర్డు తిప్పేసింది’ అన్నది పూర్తిగా తెలుగువాళ్ల సొత్తు. అందులోది దుకాణం పేరు రాసిన పలక. దాన్ని మాటకు మాటగా ఇంగ్లిష్‌లో పెడితే, డబ్బు పోయినవాళ్ల గోడు ఒక్కరికీ అర్థం కాదు.

– ఒక అనువాదకుడు