ట్యాపింగ్ నేర్పండి, వినే మనిషిని కూడా పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

పరీక్షలు దగ్గర పడుతుంటే ఆడపిల్లల కాలేజీల్లో 'ట్యాపింగ్ థెరపీ' సెమినార్లు మొదలవుతాయి. ఒక పూట నేర్పి, సర్టిఫికెట్లు ఇచ్చి, ఫొటోలు దిగి వెళ్లిపోతారు. నేను గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ అమ్మాయిలకు మానసిక ఆరోగ్యం పాఠాలు చెబుతాను. వైవాకి (నోటితో జవాబులు చెప్పే పరీక్షకి) ముందు మా పిల్లల చేత ఈ ట్యాపింగ్ చేయిస్తాను కూడా. దాని గురించి తెలిసింది చెప్పాలనే ఈ ఉత్తరం.

1990లలో అమెరికాలో గ్యారీ క్రెయిగ్ తయారుచేసిన పద్ధతి ఇది. ముందు మన భయానికి సున్నా నుంచి పది దాకా ఎన్ని మార్కులో వేసుకోవాలి. అరచేతి అంచు మీద వేళ్లతో తడుతూ ఆ భయమేమిటో పైకి చెప్పాలి. 'ఇది ఉన్నా సరే, నన్ను నేను ఒప్పుకుంటున్నాను' అనుకోవాలి. తర్వాత కనుబొమ్మ మొదట్లో, కంటి పక్కన, కంటి కింద, ముక్కు కింద, గడ్డం మీద, కాలర్ బోన్ దగ్గర, చంక కింద, నడినెత్తిన మెల్లగా తట్టాలి. చివర్లో మళ్లీ మార్కులు వేసుకోవాలి. ఖర్చు లేదు, పరికరం అక్కర్లేదు, పరీక్ష హాలు బయట వరండాలో నిలబడి కూడా చేసుకోవచ్చు.

నన్ను పట్టి నిలిపింది మాత్రం పిల్లలు చెప్పే మాటలు. మొదట అందరూ 'పరీక్ష భయం' అంటారు. ఏ భయమో సరిగ్గా చెప్పమంటే అప్పుడు బయటికొస్తుంది. 'బయటి కాలేజీ నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు ఇంగ్లిష్ రాక నోరు పెగలదేమో.' 'ఫీజు రీయింబర్స్‌మెంట్ పడకపోతే నాన్న మళ్లీ అప్పు చేస్తాడు.' 'సబ్జెక్టు పోతే చదువు మాన్పించి పెళ్లి చేసేస్తారు.' ఒకమ్మాయి అయితే నైట్ డ్యూటీ ముగించుకుని చీకటితో హాస్టల్‌కి నడిచి రావడమే తన భయం అంది. ఆ దారిలో లైటు వేయించాలి గానీ, ఎన్నిసార్లు ట్యాపింగ్ చేసుకుంటే ఏం లాభం?

సెమినార్లలో ఒంట్లో శక్తి ప్రవహించే దారులంటూ శక్తి నాడుల బొమ్మలు చూపిస్తారు, ఒత్తిడిలో పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్ లెక్కలు చెబుతారు. 2012లో 83 మందిపై చేసిన అధ్యయనంలో, ట్యాపింగ్ చేసిన గుంపులో ఆ హార్మోన్ సగటున 24 శాతం తగ్గిన మాట నిజమే. 2003లో వచ్చిన మరో అధ్యయనం గురించి మాత్రం ఎవరూ చెప్పరు. అందులో 119 మంది యూనివర్సిటీ విద్యార్థులు పాల్గొన్నారు. కొందరు ఈ పద్ధతిలో చెప్పిన బిందువుల దగ్గర తట్టుకున్నారు, కొందరు వేరే చోట్ల. కొందరైతే తమను వదిలేసి ఒక బొమ్మను తట్టారు. మూడు గుంపుల్లోనూ భయం ఇంచుమించు ఒకేలా తగ్గింది. మేలు చేస్తున్నది ఆ బిందువులు కావని నాకు అర్థమైంది. భయాన్ని దాచకుండా పైకి అనడం, కాసేపు దాని ముందు కుదురుగా కూర్చోవడం పనిచేస్తున్నాయని నా నమ్మకం.

మరి ఆ మాట ఎవరితో అనాలి? విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకంటే ఎక్కువ మంది చదివే ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరుండాలంది. నాకు తెలిసిన కాలేజీల్లో ఆ పనిని పాఠాలు చెప్పే మేడంలకే అంటగట్టారు. ఇంటర్నల్ మార్కులు వేసే మనిషి దగ్గర ఏ పిల్ల గుండె విప్పుతుంది? మా పిల్లలు నాకు చెప్పేది సగమేనని నాకు తెలుసు. ఆ మిగతా సగమే నాకు దిగులు.

వారాల తరబడి నిద్ర పట్టని పిల్లకు, చచ్చిపోవాలనిపిస్తోందన్న పిల్లకు ట్యాపింగ్ నేర్పి పంపేయడం ప్రమాదం. అలాంటివారిని వెంటనే డాక్టర్‌కి చూపించాలి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఇలాంటి నంబర్లను హాస్టళ్లలో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో పెట్టాలని కూడా కోర్టు చెప్పింది.

యాజమాన్యాలకు నా విన్నపం. సెమినార్‌కి పెట్టే డబ్బుతో మార్కులతో సంబంధం లేని కౌన్సెలర్‌ను వారానికి రెండు రోజులైనా పిలిపించండి. ప్రిన్సిపాల్ గదికి దూరంగా, తలుపున్న గది ఇవ్వండి. డే స్కాలర్లు వెళ్లిపోయాక సాయంత్రం కూడా ఉండమనండి, హాస్టల్ పిల్లలకు తీరిక దొరికేది అప్పుడే. మీ పత్రిక జిల్లా విలేకరులు ఒక్కో కాలేజీకి వెళ్లి, కౌన్సెలర్ ఉన్నారా, ఏ రోజుల్లో వస్తున్నారు, జీతం ఎవరిస్తున్నారు అని అడిగి ఆ వివరాలు అచ్చు వేయాలని కోరుతున్నాను.

— ఒక నర్సింగ్ అధ్యాపకురాలు, గుంటూరు