మిషన్ ఇచ్చారు సరే, చూసుకోవడం ఎవరు నేర్పుతారు?

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను ఒక ప్రభుత్వాసుపత్రిలో మత్తు డాక్టర్‌ని. మా ఆపరేషన్ థియేటర్లలో (ఓటీల్లో) ఇప్పటికీ బాయిల్స్ మిషన్ అనే పిలుచుకునే ఎనస్థీషియా మిషన్ల గురించి ఈ లేఖ. కొత్తవి ఇమ్మని కాదు, ఉన్నవాటిని చూసుకోవడం నేర్పమని.

మిషన్ వచ్చిన రోజు కంపెనీ ఇంజనీర్ కాసేపు డెమో ఇస్తాడు. ఆ పూట డ్యూటీలో ఉన్నవాళ్లు చూస్తారు, తర్వాత బదిలీ అయి వెళ్లిపోతారు. మాన్యువల్ ప్లాస్టిక్ కవరుతో సహా బీరువాలో భద్రంగా ఉంటుంది. మత్తుమందును ఆవిరిగా మార్చే వేపరైజర్ ఎలా పనిచేస్తుందో పీజీ వైవాలో గడగడా చెప్పినవాళ్లమే. వాల్వ్ మూత విప్పి తుడవమంటే మాత్రం మేము సిస్టర్ వైపు, సిస్టర్ టెక్నీషియన్ వైపు చూస్తాం.

గాలిని ఒకే వైపు పోనిచ్చే ఆ వాల్వ్ సంగతే చూడండి. గుండ్రటి అద్దంలాంటి మూత కింద పల్చటి బిళ్ల ఉంటుంది. పేషెంట్ వదిలిన ఊపిరిలోని తేమ దాని చుట్టూ నీటిబొట్లుగా పేరుకుంటుంది. బిళ్ల తడికి అతుక్కుని సరిగ్గా మూసుకోకపోతే వదిలిన గాలే మళ్లీ లోపలికి పోతుంది. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ని గీతగా చూపే క్యాప్నోగ్రాఫ్ ఉంటే, ఆ గీత సున్నాకి దిగకపోవడం చూసి పట్టుకోవచ్చు. లేని చోట?

వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకునే సోడాలైమ్ ఇంకా మాయ చేస్తుంది. మా దగ్గర వాడే రకం పనైపోయాక తెలుపు నుంచి ఊదారంగుకు తిరుగుతుంది. రాత్రి అలాగే వదిలేస్తే తెల్లారేసరికి మళ్లీ తెల్లగా కనిపిస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చే శక్తి మాత్రం తిరిగి రాదు. పొద్దున డ్యూటీకి వచ్చినవాళ్లు "బాగానే ఉందిగా" అనుకుని కేసు మొదలుపెడతారు. మార్చిన తేదీ డబ్బా మీద రాస్తే తీరిపోయే సమస్య ఇది.

ఇక శుభ్రం చేయడమంటే చాలాచోట్ల పైపైన స్పిరిట్ దూదితో తుడవడమే. ఏ భాగాన్ని వేడి ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో పెట్టొచ్చో, ఏది పెడితే పాడవుతుందో కంపెనీకో తీరు. ప్రతి పేషెంట్‌కీ మార్చాల్సిన బ్యాక్టీరియా ఫిల్టర్ ఒక్కటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడిచే ఓటీలూ ఉన్నాయి. స్టాకు లేకపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

జాతీయ ఆరోగ్య మిషన్ కింద 2015లో వైద్య పరికరాల నిర్వహణ కార్యక్రమం మొదలైంది. ఫోన్ చేస్తే ఇంజనీర్ వస్తాడు, కాదనను. కానీ కేసుకు ముందు లీక్ టెస్ట్, ఆక్సిజన్ అలారం, సక్షన్, పక్కన చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగ్ చూసుకోవాల్సింది మేమే.

శిక్షణ పేరుతో మమ్మల్ని హైదరాబాద్ పిలిపించొద్దు. 1888లోనే క్లోరోఫాం అనే మత్తుమందు మీద కమిషన్ కూర్చున్న ఊరు, అక్కడ సెమినార్లకు కొదవలేదు. మా ఓటీకే మనిషిని పంపి, మా మిషన్‌నే విప్పి చూపించండి. కొత్త స్టాఫ్ వచ్చినప్పుడల్లా మళ్లీ చూపించాలని టెండర్‌లోనే రాయించండి. ఫిల్టర్లు, సోడాలైమ్ తప్పనిసరి సరఫరాలో చేర్చండి. విప్పడం, తుడవడం, బిగించడం వచ్చిందని డాక్టర్, సిస్టర్, టెక్నీషియన్ ముగ్గురూ సంతకం పెట్టాకే కంపెనీకి చివరి బిల్లు చెల్లించండి.

ఇట్లు,
ఒక ప్రభుత్వ మత్తు డాక్టర్